డ్రైవ్‌వే స్నోకి పారా, బ్లోయరా, కాంట్రాక్టరా? మీ ఇంటికి ఏది సరిపోతుందో తేల్చుకునే పద్ధతి

అపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్ళూ స్నో గోల మనకి పట్టదు, పొద్దున లేచేసరికి కాంప్లెక్స్ వాళ్ళు తీసేసి ఉంటారు, మనం కారు అద్దాలు గీక్కుని ఆఫీసుకి వెళ్ళిపోవడమే. ఇల్లు కొన్నాకే అసలు సంగతి తెలుస్తుంది. మనవాళ్ళు ఎక్కువగా పిల్లల స్కూళ్ళు తెరిచేలోపు క్లోజింగ్ (ఇల్లు మన పేరు మీదకొచ్చే రోజు) పెట్టుకుంటారు, మంచి ఎండల్లో ఇల్లు చూస్తారు, తూర్పు ఫేసింగా కాదా, పూజ గదికి చోటుందా, కిచెన్ పెద్దదా అని చూస్తారు కానీ డ్రైవ్‌వే ఎంత పొడవుంది, ఎంత వాలుగా ఉందని ఎవరూ అడగరు. అక్టోబర్ వచ్చాక వాట్సాప్ గ్రూపులో "ఏ స్నో బ్లోయర్ కొనాలి గురూ" అని ఒక మెసేజ్ పడుతుంది (స్నోని లాగి దూరంగా విసిరే మెషీన్ అది), దాని కింద పదిమంది పది పేర్లు చెప్తారు, ఎవరి గరాజ్‌లో ఏది ఉంటే వాళ్ళకి అదే బెస్ట్.

బ్రాండు సంగతి ఆఖరున చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది మీ డ్రైవ్‌వే రోడ్డుని కలిసే చోటు. సిటీ ప్లౌ ట్రక్కు రోడ్డు మీది స్నోని పక్కకి నెట్టుకుంటూ పోతూ మీ డ్రైవ్‌వే నోటికి అడ్డంగా ఒక గట్టు పోసి పోతుంది. గరాజ్ ముందు పడ్డ మామూలు స్నోని ఎవరైనా దేనితోనైనా ఎలాగోలా తీసేస్తారు. ఈ గట్టుని పొద్దున ఆరున్నరకి, ఆఫీసుకి టైమవుతుంటే, ఏది తీయగలదో అదే మీ ఇంటికి సరైన పద్ధతి. కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. నేనుండేది డెట్రాయిట్ సబర్బ్‌లో కాబట్టి ఉదాహరణలు ఎక్కువ ఇక్కడివే, న్యూజెర్సీ, చికాగో, మినియాపొలిస్, టొరంటో వైపు వాళ్ళు అంకెలు మార్చుకుంటే సరిపోతుంది.

స్టెప్ 1: టేపు పట్టుకుని కొలవండి

ఇది అందరూ వదిలేసే పని. రెండు కార్ల గరాజ్ ఉన్న ఇంటికి డ్రైవ్‌వే 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు అనుకోండి, అంటే 800 చదరపు అడుగులు. దాని మీద 6 ఇంచుల స్నో పడితే 400 ఘనపు అడుగులు. మామూలు స్నో 10 ఇంచులు కరిగితే సుమారు 1 ఇంచు నీళ్ళు వస్తాయని ఒక మోటు లెక్క ఉంది, ఆ లెక్కన ఘనపు అడుగు 6 పౌండ్ల పైచిలుకు, మొత్తం 2,500 పౌండ్లు, అంటే టన్ను దాటింది. అదే తడి స్నో అయితే ఇంతకి రెట్టింపు. పారతో తీస్తే ఆ టన్నో రెండు టన్నులో మీ నడుం మీదుగానే అవతలికి వెళ్ళాలి. నెట్టేస్తే కొంత తగ్గుతుంది, ఎత్తి పోస్తే మాత్రం మొత్తం మీదే.

కొలిచేటప్పుడే ఇంకో మూడు చూసుకోండి. ఒకటి, నేల ఏంటి: ఆస్ఫాల్టా, కాంక్రీటా, ఇటుకల్లాంటి పేవర్లా, కంకరా. రెండు, వాలు ఎటు: రోడ్డు వైపు దిగుతుందా, గరాజ్ వైపు దిగుతుందా. మూడు, తీసిన స్నోని ఎక్కడ పోస్తారు. ఈ మూడోది కొత్త సబ్‌డివిజన్లలో పెద్ద తలనొప్పి, టొరంటో పక్కన బ్రాంప్టన్ వైపు చూస్తే ఇంటికీ ఇంటికీ మధ్య సందే ఉండదు, ముందున్న గడ్డి ముక్క జనవరికే నిండిపోతుంది, ఆ తర్వాత ప్రతి పారా ఛాతీ ఎత్తు గుట్ట మీదకి ఎత్తి పోయాలి. స్నోని 40 అడుగులు విసిరే మెషీన్ కొన్నా పక్కింటాయన కారు మీద పడేట్టుంటే ఏం లాభం.

రోడ్డు మీదకి నెట్టేద్దాం అనుకోకండి. మిషిగన్, మినసోటా లాంటి చోట్ల రోడ్డు మీద స్నో వేయడం రాష్ట్ర చట్టం ప్రకారమే తప్పు, అదీగాక మీరు నెట్టింది ప్లౌ మళ్ళీ ఎవరి డ్రైవ్‌వే ముందో పోస్తుంది, అది ఎదురింటివాళ్ళది అయితే ఇక మాటలుండవు.

స్టెప్ 2: మీ ఊళ్ళో ఎంత పడుతుంది, ఎలాంటిది పడుతుంది

1991 నుంచి 2020 వరకు తీసిన సగటు ప్రకారం ఏడాదికి చికాగో ఓహేర్ ఎయిర్‌పోర్టులో 38 ఇంచులు, డెట్రాయిట్‌లో 45, మినియాపొలిస్‌లో 51, బఫలోలో 95 ఇంచుల దాకా పడుతుంది. నెవార్క్ వైపు 30 చిల్లర. కానీ సగటు చూసి మోసపోవద్దు, న్యూజెర్సీలో ఒక ఏడాది మొత్తం కలిపి పార తీయాల్సిన పని కూడా ఉండకపోవచ్చు, ఇంకో ఏడాది ఒక్క నార్ఈస్టర్‌కే (తూర్పు తీరంలో వచ్చే పెద్ద తుఫాను) రెండడుగులు పడొచ్చు. బఫలో పక్కన ఆర్చర్డ్ పార్క్‌లో అయితే 2022 నవంబర్‌లో ఒక్క తుఫానులోనే 80 ఇంచులు పడింది, అలాంటప్పుడు ఇంట్లో ఉన్న ఏ మెషీనూ పనికిరాదు, లోడర్ రావాల్సిందే.

ఎంత పడిందన్న దానికంటే ఎలాంటిది పడిందన్నది ముఖ్యం. మినసోటాలో జనవరిలో సున్నా ఫారెన్‌హీట్ దగ్గర పడే స్నో పొడిపొడిగా ఉంటుంది, నాలుగు ఇంచులున్నా చీపురుతో ఊడ్చేయొచ్చు. న్యూజెర్సీలో, మిషిగన్‌లో మార్చి నెలలో 32 డిగ్రీల దగ్గర పడేది నీళ్ళోడుతూ ఉంటుంది, మూడు ఇంచులకే చేతులు పడిపోతాయి, బ్లోయర్ గొట్టంలో కూరుకుపోతుంది. కాబట్టి "ఎనిమిది ఇంచుల దాకా తీస్తుంది" అని డబ్బా మీద రాసింది పొడి స్నోకి అనుకోండి, తడిదానికి అందులో సగం వేసుకోండి.

డాలస్, అట్లాంటా వాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు, ఒక పార, ఒక సంచి ఉప్పు కొనుక్కోండి, అంతే.

స్టెప్ 3: ఆ గట్టు దగ్గరకెళ్ళి ఒకసారి నిలబడండి

స్నో పడ్డ రోజు ప్లౌ వెళ్ళిపోయాక చూడండి. పైన చూస్తే మామూలు స్నోలాగే ఉంటుంది, పార గుచ్చితే నాలుగు ఇంచులు దిగి టక్కున ఆగిపోతుంది. లోపల బూడిదరంగు గడ్డలు, రోడ్డు మీద వేసిన ఉప్పుకి సగం కరిగి మళ్ళీ బిగుసుకున్న ముక్కలు, మధ్యమధ్యలో కంకరరాళ్ళు. ఒక గంటలో తీస్తే పారకి వస్తుంది, రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి తడిసి గడ్డకట్టిన సిమెంటు బస్తాలు వరసగా పేర్చినట్టు అయిపోద్ది. మీ ఇల్లు మెయిన్ రోడ్డు మీదుంటే ప్లౌ రెండుమూడు సార్లు తిరుగుతుంది, గట్టు అన్ని సార్లూ పడుతుంది. కల్‌డిసాక్ (అవతలికి దారి లేని వీధి) చివర ఉంటే ఇంకా దరిద్రం, ట్రక్కు తిరగడానికి చోటు లేక మొత్తం తెచ్చి అక్కడే వదిలేస్తాడు. సందులో చిన్న వీధి అయితే ప్లౌ మర్నాటికి గానీ రాదు, మీరు అంతా తీసుకుని స్నానం చేసి లాగిన్ అయ్యాక వస్తుంది.

ఈ గట్టుని కొంత తగ్గించుకునే కిటుకు ఒకటుంది. డ్రైవ్‌వేలో రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడండి. అమెరికా, కెనడాల్లో మీ వైపు లేన్‌లో ప్లౌ మీ ఎడమ చేతి నుంచి కుడి చేతికి వెళుతుంది. కాబట్టి మీరు తీసే స్నో అంతా కుడి చేతి వైపే పోయండి, ఎడమ వైపు పోస్తే ట్రక్కు దాన్ని కూడా లాక్కొచ్చి మీ డ్రైవ్‌వే నోట్లోనే పెడుతుంది. అలాగే డ్రైవ్‌వేకి ఎడమ పక్కన రోడ్డు అంచు వెంబడి ఒక కారు పట్టేంత జాగా శుభ్రం చేసి పెట్టండి, ప్లౌ బ్లేడు మీద ఉన్న బరువు ఆ ఖాళీలో పడిపోయి మీ దగ్గరకొచ్చేసరికి తేలికవుతుంది. గట్టు పూర్తిగా పోదు కానీ మోకాలెత్తుది చీలమండ ఎత్తుకి దిగుతుంది.

స్టెప్ 4: తీసేది ఎవరు?

దీన్ని మొహమాటం లేకుండా ఆలోచించండి. అమెరికా ఎమర్జెన్సీ రూముల్లో 1990 నుంచి 2006 దాకా స్నో పార వల్ల వచ్చిన కేసులు లెక్కేసిన స్టడీ ఒకటుంది, ఏడాదికి సగటున 11,500 మంది. ఎక్కువమందికి నడుం, కండరాలు. గుండెకి సంబంధించినవి 7 శాతమే, కానీ ఆ 17 ఏళ్ళలో లెక్కతేలిన 1,647 మరణాలూ గుండెవే. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడతాం, పొద్దున్నే లేచి వార్మప్ లేకుండా దిగుతాం, బీపీ ఒక్కసారి పైకి పోద్ది. మన దక్షిణాసియా వాళ్ళకి గుండె జబ్బు మిగతావాళ్ళ కంటే ముందే వస్తుందని డాక్టర్లు చెప్తూనే ఉన్నారు, షుగరూ కొలెస్ట్రాలూ ఇంటింటికీ ఉన్నవే, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగాలు.

ఇంకో మాట, ఇది మన ఇళ్ళకే ప్రత్యేకం. విజిటర్ వీసా మీద అమ్మానాన్నలు వచ్చి ఉంటారు. ఊళ్ళో పొలం చేసిన మనిషి, నాలుగింటికే మెలకువొచ్చేస్తుంది, కిటికీలోంచి చూస్తే అంతా తెల్లగా ఉంటుంది, "అబ్బాయి నిద్రపోతున్నాడు, మనం కాస్త తీసేద్దాం" అని మంకీ క్యాప్ పెట్టుకుని గరాజ్ తలుపెత్తుతారు. వద్దంటే వినరు, "ఆ మాత్రం చెయ్యలేనా" అంటారు. అరవై దాటినవాళ్ళు, స్టెంటు ఉన్నవాళ్ళు, బీపీ మందులు వాడేవాళ్ళు పార ముట్టుకోకూడదు, అంతే. విజిటర్ ఇన్సూరెన్సులు చాలావరకు పాత జబ్బులకి సరిగ్గా కవర్ ఇవ్వవు కూడా. నాన్నగారికి ఖాళీగా కూర్చోవడం కష్టమైతే మెట్ల మీద చీపురుతో పొడి స్నో ఊడ్చే పని ఇవ్వండి, పార మాత్రం దాచేయండి.

మీరు ఇంట్లో లేనప్పుడు ఎవరు తీస్తారన్నది కూడా లెక్కలో ఉండాలి. మీది వారంవారం ట్రావెల్ ఉద్యోగమై, ఇంట్లో ఆవిడ చంటిపిల్లతో ఉంటే, 250 పౌండ్ల మెషీన్ గరాజ్‌లో ఉన్నా లేనట్టే. వింటర్‌లో నెల రోజులు ఇండియా వెళ్ళేవాళ్ళకీ ఇదే సమస్య. చికాగోలో అయితే పగలు ఏడు నుంచి రాత్రి ఏడు లోపు పడిన స్నోని ఇంటి ముందు సైడ్‌వాక్ మీద నుంచి రాత్రి పదిలోపు తీసేయాలి, రాత్రి పడింది మర్నాడు పొద్దున పదిలోపు. మినియాపొలిస్‌లో మామూలు ఇళ్ళకి స్నో ఆగాక 24 గంటలు టైము. మీ సిటీ వెబ్‌సైట్‌లో ఈ రూల్ ఉంటుంది, డ్రైవ్‌వే మీ ఇష్టం కానీ సైడ్‌వాక్ మీ బాధ్యత.

స్టెప్ 5: ఇప్పుడు ఒక్కొక్కటే చూద్దాం

పార: మెషీన్ కొన్నా కొనకపోయినా పార ఉండాల్సిందే. ఒకటి కాదు, రెండు కొనండి. నెట్టడానికి వెడల్పుగా వంపు తిరిగి ఉండేది ఒకటి, ఎత్తి పోయడానికి చిన్నది ఒకటి. వెడల్పుది చూసి ఒకేసారి ఎక్కువ పోతుందని దాంతోనే ఎత్తేవాళ్ళుంటారు, తడి స్నో నిండా ఉన్న పార 15, 20 పౌండ్లు తూగుతుంది, ఒకటి రెండు సార్లు కాదు కదా ఎత్తేది. అంచుకి మెటల్ పట్టీ ఉన్నది కొంటే గడ్డల కిందకి దూరుతుంది, పేవర్లు ఉన్నవాళ్ళు మాత్రం ప్లాస్టిక్ అంచుదే వాడండి. ఒక కారు డ్రైవ్‌వే, ఏడాదికి ముప్పై ఇంచుల లోపు, నడుం బాగుంది, గట్టు చిన్నది, ఇవన్నీ కుదిరితే పారే చాలు, గరాజ్‌లో చోటు మిగులుతుంది, రిపేర్లుండవు.

ఎలక్ట్రిక్ పార: 12 ఇంచుల వెడల్పుతో చేతిలో పట్టుకునే చిన్న మెషీన్, వైరుదీ ఉంది, బ్యాటరీదీ ఉంది. డెక్, మెట్ల దగ్గర, గుమ్మం ముందు దారికి బాగుంటుంది. గడ్డకట్టిన పాత గట్టు ముందు ఇది బొమ్మే. రెండు కార్ల డ్రైవ్‌వేకి ఇదొక్కటే కొని సరిపెడదాం అనుకునేవాళ్ళకి నా ఓటు వెయ్యను.

సింగిల్ స్టేజ్ బ్లోయర్: ముందున్న రబ్బరు రెక్కలు నేలకి తగులుతూ తిరుగుతాయి, స్నోని లోపలికి లాగి అదే ఊపుతో గొట్టంలోంచి బయటికి విసురుతాయి. నేల దాకా శుభ్రంగా గీకుతుంది, తేలిక, ఆడవాళ్ళైనా పెద్దవాళ్ళైనా తిప్పుకోగలరు, గరాజ్ గోడకి ఆనించేయొచ్చు. ఆరు ఇంచుల దాకా దీనికి తిరుగులేదు. కంకర డ్రైవ్‌వే మీద మాత్రం వాడొద్దు, రెక్కలు నేలని తాకుతాయి కాబట్టి రాళ్ళు ఎగిరి ఎవరి కిటికీకో తగులుతాయి. గట్టు తాజాగా ఉంటే సన్నగా తొలుచుకుంటూ తీస్తుంది, గడ్డకట్టాక దాని మీదకి ఎక్కి ఎగురుతుంది, అప్పుడు పారతో గడ్డలు పగలగొట్టి ఇవ్వాలి.

ఇందులో బ్యాటరీదా పెట్రోల్‌దా అన్న గొడవ ఉంది. బ్యాటరీది బటన్ నొక్కితే స్టార్టు, వాసనుండదు, తెల్లారుజామున నడిపినా పక్కింటివాళ్ళు తిట్టుకోరు. తడి స్నోలో, గట్టు దగ్గర ఛార్జ్ గబగబా దిగిపోద్ది, చలికి ఇంకా తగ్గుతుంది, బ్యాటరీలు గరాజ్‌లో కాకుండా ఇంట్లో పెట్టుకుని వాడే ముందే తగిలించాలి. ఇప్పటికే అదే కంపెనీ లాన్ మోవర్ ఉంటే బ్యాటరీలు కలిసొస్తాయి, అప్పుడు బ్యాటరీది కొనడంలో అర్థం ఉంది. రెండు కార్ల డ్రైవ్‌వే, 45 ఇంచుల ఊరు అయితే ఒక ఛార్జ్‌లో అయిపోవాలి, రెండు పెద్ద బ్యాటరీలు లేకుండా దిగొద్దు. వైరుదైతే బయట వాడే మందపాటి ఎక్స్‌టెన్షన్ వైరు కావాలి, ఇంట్లో టీవీ వెనక ఉన్నది పట్టుకొచ్చి గుచ్చొద్దు.

టూ స్టేజ్ బ్లోయర్: ముందు ఇనుప స్క్రూ లాంటి ఆగర్ గడ్డల్ని నమిలి లోపలికి తోస్తుంది, వెనక ఇంకో ఫ్యాన్ దాన్ని దూరంగా విసురుతుంది. చక్రాలకి ఇంజినే పవర్ ఇస్తుంది, ముందుకి గేర్లు, వెనక్కి గేర్లు ఉంటాయి, మీరు నెట్టక్కర్లేదు, పట్టుకుని నడవడమే. ఆగర్ నేలని తాకదు, అడుగున ఉండే రెండు స్కిడ్ షూల మీద జారుతుంది, కంకర నేలైతే వాటిని కిందకి దించి ఆగర్‌ని ఒక ఇంచు దాకా పైకి లేపుకోవచ్చు. గట్టుకి అసలు మందు ఇదే. మెల్లగా మొదటి గేర్లో పెట్టి సగం వెడల్పే తినిపిస్తూ పోతే ముందురోజుది కూడా తీసేస్తుంది. (ఈ బ్లోయర్ ఐడియా క్యూబెక్ ఆయనది, ఆర్థర్ సికార్ అని, 1925లో తయారుచేశాడు, మొదట్లో అది ట్రక్కు మీద ఎక్కించే సైజు.)

వెడల్పు దగ్గర మనవాళ్ళు పప్పులో కాలేస్తారు. 30 ఇంచులది కొంటే త్వరగా అయిపోద్ది అనుకుంటారు, అది తిప్పుకోలేక అవస్థ, రెండు కార్లు ఉన్న గరాజ్‌లో దానికి చోటుండదు, కారు తలుపు తీస్తే తగులుతుంది. రెండు కార్ల డ్రైవ్‌వేకి 24 ఇంచులది, ఇంజిన్ మంచిది ఉంటే చాలు, మూడు కార్లదైతే 26 లేదా 28. వెడల్పు మీద పెట్టే డబ్బు ఇంజిన్ మీద, చక్రాల్ని సులువుగా తిప్పుకునే పవర్ స్టీరింగ్ మీద పెట్టండి. త్రీ స్టేజ్ అని కూడా అమ్ముతారు, బఫలో, సిరక్యూజ్ వాళ్ళు ఆలోచించొచ్చు, మిగతావాళ్ళకి అక్కర్లేదు.

కాంట్రాక్టర్: ట్రక్కుకి బ్లేడు కట్టుకుని వచ్చేవాళ్ళు. సీజన్ మొత్తానికి ఒకే రేటు తీసుకునేవాళ్ళు ఉంటారు, వచ్చిన ప్రతిసారికి తీసుకునేవాళ్ళు ఉంటారు. స్నో తక్కువ పడే ఊళ్ళో ప్రతిసారికి ఇవ్వడం లాభం, మినియాపొలిస్ లాంటి చోట సీజన్‌ది లాభం. అడగాల్సినవి ముందే అడగండి: ఎన్ని ఇంచులు పడితే వస్తారు (మామూలుగా రెండు), ఎన్నింటిలోపు వస్తారు, గుమ్మం ముందు దారి, సైడ్‌వాక్ కలిపేనా, ఉప్పుకి వేరేనా, గరాజ్ తలుపు దగ్గర బ్లేడు అందని రెండడుగులు ఎవరు తీస్తారు, లయబిలిటీ ఇన్సూరెన్స్ కాగితం ఉందా. అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: మీరు తీసి వెళ్ళాక సిటీ ప్లౌ గట్టు పోస్తే మళ్ళీ వస్తారా? దీనికి "చూద్దాం" అంటే రారని అర్థం. వీధిలో ముగ్గురు నలుగురు కలిసి ఒకడికే ఇస్తే రేటు తగ్గుతుంది, ముందుగా కూడా వస్తాడు. డబ్బంతా నవంబర్‌లోనే కట్టమంటే సగమే కట్టి మిగతాది జనవరికి పెట్టండి. టౌన్‌హోమ్ వాళ్ళు హెచ్‌ఓఏ (ఇళ్ళ ఓనర్ల సంఘం) కాగితాలు చదువుకోండి, డ్రైవ్‌వే వాళ్ళే తీస్తారేమో, మీరు మెషీన్ కొన్నాక తెలిస్తే ఏడుపే.

హీటెడ్ డ్రైవ్‌వే: కాంక్రీటు కింద వేడినీళ్ళ పైపులో, కరెంటు తీగలో వేస్తారు. ఎలాగూ డ్రైవ్‌వే తవ్వి కొత్తది పోయించే ఇల్లైతే, లేదా గరాజ్ వైపు నిటారుగా దిగే వాలు ఉంటే అడిగి చూడండి. వేల డాలర్ల పని, తర్వాత కరెంటో గ్యాసో బిల్లు. రోడ్డు మీద పడే గట్టుని అది కరిగించదు సుమా, ప్లౌ అంత గుట్ట పోశాక మళ్ళీ పారే.

స్టెప్ 6: కలిపి చూసుకుంటే

రేట్లు ఏడాదికేడాది మారతాయి కాబట్టి మోటుగా చెప్తా, మంచి పారలు రెండూ కలిపి వంద డాలర్ల లోపు, ఎలక్ట్రిక్ పార వంద నుంచి రెండొందలు చిల్లర, సింగిల్ స్టేజ్ ఐదొందల నుంచి వెయ్యి, టూ స్టేజ్ వెయ్యి పైనుంచి రెండు వేలు దాటేదాకా.

న్యూజెర్సీలో ఎడిసన్‌లోనో పార్సిపనీలోనో రెండు కార్ల డ్రైవ్‌వే, వీధి లోపలికి ఉంది, మీ వయసు నలభైలోపు అంటే సింగిల్ స్టేజ్, పార. డెట్రాయిట్ వైపు నోవై, కాంటన్ లాంటి చోట అదే సైజు, కానీ మెయిన్ రోడ్డు మీదో కల్‌డిసాక్ చివరో ఉంటే నేను మొహమాటం లేకుండా 24 ఇంచుల టూ స్టేజ్ అంటాను. నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండనివాళ్ళకి, నడుం ఆపరేషన్ అయినవాళ్ళకి కాంట్రాక్టర్, దానికి తోడు గట్టు కోసం ఒక మెటల్ అంచు పార, పక్కింటి కుర్రాడితో ముందే మాట్లాడి పెట్టుకోవడం. కంకర డ్రైవ్‌వే ఉన్న పెద్ద స్థలాల వాళ్ళకి టూ స్టేజో కాంట్రాక్టరో, మూడోది లేదు. ఇద్దరు పక్కపక్క ఇళ్ళవాళ్ళు కలిసి ఒక మెషీన్ కొందాం అంటుంటారు, వినడానికి బాగుంటుంది కానీ ఇద్దరికీ స్నో ఒకే పొద్దున పడుద్ది, ఇద్దరికీ ఎనిమిదింటికే స్టాండప్ మీటింగు.

స్టెప్ 7: నవంబర్‌లో చేయాల్సినవి

నేల గట్టిపడకముందే డ్రైవ్‌వే అంచుల వెంబడి మెరిసే కర్రలు పాతండి, స్నో పడ్డాక గడ్డి ఎక్కడ మొదలవుతుందో మీకూ తెలీదు, కాంట్రాక్టర్‌కీ తెలీదు, ఏప్రిల్‌లో లాన్ చూసి గుండె గుభేలుమంటుంది. వాకిట్లో ఉన్న న్యూస్‌పేపర్లు, గార్డెన్ పైపు, డోర్ మ్యాటు, పిల్లల బొమ్మలు తీసేయండి, ఆగర్‌లో పైపు చుట్టుకుంటే ఆ రోజుకి అంతే. బ్లోయర్‌కి ఆయిల్ మార్చి (ఎక్కువ ఫోర్ స్ట్రోక్ వాటికి 5డబ్ల్యూ-30, మాన్యువల్ చూడండి), కొత్త పెట్రోల్ పోసి, ఒకసారి స్టార్టు చేసి చూడండి. షియర్ పిన్నులు నాలుగు ఎక్కువ కొని పెట్టుకోండి. ఆగర్‌లో గడ్డో రాయో ఇరుక్కుంటే గేర్‌బాక్స్ పగలకుండా ఈ పిన్ను ముందు విరిగిపోతుంది, అందుకే దాన్ని పెట్టారు. కొందరు మేకో గట్టి బోల్టో దూర్చేస్తారు, తర్వాతిసారి పిన్నుకి బదులు గేర్‌బాక్స్ పోతుంది.

స్టెప్ 8: స్నో పడ్డ రోజు

పది ఇంచులు వస్తుందంటే మొత్తం ఆగేదాకా కూర్చోవద్దు, నాలుగైదు ఇంచులకి ఒకసారి, ఆగాక ఒకసారి తీయండి. కారు బయట ఉంటే ముందు కారు మీది స్నో దులిపి తర్వాత నేల తీయండి, తిరగేసి చేస్తే రెండుసార్లు పని. తీయకముందు కారుతో తొక్కేస్తే టైరు జాడలు గడ్డకట్టి పారకి రావు.

బ్లోయర్‌ని గరాజ్‌లోంచి బయటికి తోసి, బయటే స్టార్టు చేయండి. తలుపు తీసి ఉంది కదా అని లోపల నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి పోతుంది. వెచ్చటి గరాజ్‌లోంచి తెస్తే కాసేపు చలికి వదిలేయండి, వెచ్చగా ఉన్న గొట్టానికి స్నో కరిగి అతుక్కుంటుంది. మధ్యలో మొదలుపెట్టి రెండు పక్కలకీ విసురుకుంటూ వెళ్ళండి, గాలి గట్టిగా ఉంటే మాత్రం అది వీచే వైపుకే విసరండి. విసిరేవైపు ఇంటి గోడకి ఉండే ఫర్నేస్ (ఇల్లు వేడిచేసే హీటర్) తెల్ల పైపులు, డ్రయర్ గొట్టం ఉన్నాయేమో చూసుకోండి, అవి మూసుకుపోతే ఫర్నేస్ ఆగిపోవచ్చు, పొగ లోపలికీ రావచ్చు.

తడి స్నోకి గొట్టం పూడుకుంటుంది, పూడుకునే తీరుతుంది. అప్పుడు చెయ్యి పెట్టొద్దు. ఇంజిన్ ఆపేశాక కూడా పెట్టొద్దు, లోపల ఫ్యాన్ స్నోకి బిగుసుకుని ఉంటుంది, అడ్డం తీయగానే విడుదలై గిర్రున తిరుగుతుంది, వేళ్ళు పోయేది ఇక్కడే. ఇంజిన్ ఆపి, తాళం తీసేసి, అన్నీ ఆగేదాకా చూసి, మెషీన్‌కే తగిలించి ఇచ్చే ప్లాస్టిక్ పుల్లతో పొడవండి. గొట్టం లోపల ముందే సిలికోన్ స్ప్రే కొడితే అతుక్కోవడం చాలా తగ్గుతుంది.

పారతో అయితే వీలైనంత నెట్టండి, ఎత్తాల్సి వస్తే సగం పారే నింపి, మోకాళ్ళు వంచి, స్నో పడేసేవైపుకి కాళ్ళతో తిరగండి, నడుం మెలితిప్పకండి. ఛాతీలో బరువుగా ఉన్నా, ఎడమ చెయ్యి లాగుతున్నా, చలిలోనూ చెమటలు పోస్తున్నా పార అక్కడే వదిలేసి 911కి ఫోన్ చేయండి, ఇంట్లోకెళ్ళి పడుకుంటే తగ్గుతుందిలే అనుకోవద్దు. మెయిల్‌బాక్స్ ముందు, దగ్గర్లో ఫైర్ హైడ్రెంట్ ఉంటే దాని చుట్టూ కూడా తీసి పెట్టండి.

స్టెప్ 9: ఉప్పు

ఉప్పు స్నోని తీసే వస్తువు కాదు, స్నో తీసేశాక మిగిలిన పలచని ఐసు పొరకి. మామూలు రాక్ సాల్ట్ నేల 15 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లబడితే దాదాపు పనిచేయదు, అప్పుడు కాల్షియం క్లోరైడ్ ఉన్నది కావాలి, లేకపోతే ఇసుక చల్లుకోండి, కరగదు కానీ కాలు జారదు. ఎంత వేయాలంటే, మినసోటా కాలుష్య నియంత్రణ సంస్థ వాళ్ళు చెప్పేది 20 అడుగుల డ్రైవ్‌వేకి 12 ఔన్సుల కాఫీ మగ్గుడు చాలని. మనం సంచికి సంచి కుమ్మరిస్తాం. ఒక టీస్పూను ఉప్పు ఐదు గ్యాలన్ల నీళ్ళని పాడుచేస్తుందని కూడా వాళ్ళే చెప్తారు, చెరువులోకి చేరాక దాన్ని వేరు చేసే మార్గం లేదు. కొత్తగా పోసిన కాంక్రీటు అయితే మొదటి వింటర్ ఏ ఉప్పూ వేయొద్దు, పైపొర పెచ్చులూడుతుంది. అమ్మోనియం నైట్రేట్, అమ్మోనియం సల్ఫేట్ ఉన్న రకాలు పాత కాంక్రీటునీ తింటాయి, సంచి వెనక చదవండి. వేడినీళ్ళు పోస్తే పని అయిపోద్ది అనే సలహా ఎవరైనా ఇస్తే వినొద్దు, పావుగంటలో అదే అద్దంలా గడ్డకడుతుంది.

సీజన్ అయ్యాక పెట్రోల్ ట్యాంకులో వదిలేయకండి, ఇథనాల్ కలిసిన పెట్రోల్ కార్బురేటర్‌లో జిగురు కడుతుంది, వచ్చే ఏడాది మొదటి స్నో రోజున స్టార్టు కాదు, ఆ రోజు ఏ మెకానిక్కూ ఖాళీగా ఉండడు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా బయట నడిపేయండి, లేదా స్టెబిలైజర్ కలిపి పెట్టండి. ఇంకా మెషీన్ కొననివాళ్ళు మార్చి, ఏప్రిల్‌లో సెకండ్ హ్యాండ్ చూడండి, ఇల్లు మారేవాళ్ళు, ఎండ రాష్ట్రాలకి వెళ్ళిపోయేవాళ్ళు అప్పుడే అమ్ముతారు. వెళ్ళేముందు "స్టార్ట్ చేసి ఉంచొద్దు" అని చెప్పండి, చల్లటి ఇంజిన్ మీ కళ్ళ ముందు స్టార్టవ్వాలి, ముందు గేర్లు వెనక గేర్లు అన్నీ వేసి చూడండి, ఆగర్ లివర్ వదలగానే తిరగడం ఆగాలి, అడుగు ఇనుము తుప్పు పట్టి వేలితో పొడిస్తే దిగేట్టుంటే బేరమాడకుండా వచ్చేయండి.